యాప్ లోగో చూపించి మూసుకుపోతోందా? క్లియర్ డేటా నొక్కే ముందు ఇవి చూడండి

యాప్ ఐకాన్ మీద నొక్కుతాం, లోగో వస్తుంది, మెయిన్ స్క్రీన్ వచ్చేలోపే టక్కున మూసుకుపోతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోన్‌లో కూడా ఇలా జరిగే ఉంటుంది. ఆ లోగో కనిపించే స్క్రీన్‌నే స్ప్లాష్ స్క్రీన్ అంటారు. ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే.

ఇలా అయినప్పుడు ఎక్కువమంది ఏం చేస్తారు? సెట్టింగ్స్‌లోకి వెళ్ళి క్లియర్ డేటా కొట్టేస్తారు. లేదంటే యాప్ తీసేసి మళ్ళీ వేస్తారు. చాలాసార్లు యాప్ తెరుచుకుంటుంది కూడా. కానీ లోపలికి వెళ్ళి చూస్తే ఖాళీ! రాసుకున్న నోట్స్ ఉండవు, గేమ్‌లో దాటిన లెవెల్స్ ఉండవు. యాప్ వచ్చింది కానీ మన సరుకు పోయింది. అందుకే ఈ రోజు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. ఏమీ పోని పనులు ముందు చేయాలి, ఏదైనా పోయే పనులు చివర చేయాలి.

ముందు అసలు స్ప్లాష్ దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. లోగో కనిపించింది కాబట్టి యాప్ సగం పనిచేస్తున్నట్టే కదా అనుకుంటాం. కాదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఆ లోగో స్క్రీన్‌ని ఆండ్రాయిడ్ సిస్టమే చూపిస్తుంది. యాప్ తన మొదటి స్క్రీన్‌ని గీసేదాకా సిస్టమ్ ఆ లోగోని అక్కడ ఉంచుతుంది. ఆ కాసేపట్లో వెనకాల యాప్ చాలా పనులు చేసుకుంటుంది. మీ లాగిన్ ఉందో లేదో చూస్తుంది, ఫోన్‌లో దాచుకున్న డేటాబేస్‌ని తెరుస్తుంది, సర్వర్ నుంచి సెట్టింగ్స్ తెచ్చుకుంటుంది, ప్రకటనలకూ లాగిన్‌కీ వేరే కంపెనీలు ఇచ్చిన కోడ్‌ని మొదలుపెడుతుంది. వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా, ఆ తేడాని ఎలా సర్దుకోవాలో కోడ్‌లో రాసి లేకపోతే, యాప్ అక్కడికక్కడే ఆగిపోతుంది. అదే క్రాష్. అంటే లోగో దగ్గర ఆగిందంటే కారణం ఒకటే ఉండదు, నాలుగైదు ఉండొచ్చు. మన పని వాటిలో ఏదో కనిపెట్టడం.

ఫస్ట్ ప్రశ్న. ఒక్క యాప్ మాత్రమే ఇలా అవుతోందా, లేక రెండు మూడు యాప్‌లా? ఒకేసారి చాలా యాప్‌లు పడిపోతుంటే తప్పు ఆ యాప్‌లది కాకపోవచ్చు. 2021 మార్చిలో ఇదే జరిగింది. జీమెయిల్, యాహూ మెయిల్ లాంటి ఎన్నో యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్‌లలో ఉన్నట్టుండి క్రాష్ అవడం మొదలుపెట్టాయి. కారణం ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగం. యాప్ లోపల వెబ్ పేజీలు చూపించడానికి చాలా యాప్‌లు దీన్నే వాడుకుంటాయి. అందులో తేడా రాగానే దాని మీద ఆధారపడ్డవన్నీ పడిపోయాయి. గూగుల్ కొత్త అప్‌డేట్ ఇచ్చాక, వెబ్‌వ్యూనీ క్రోమ్‌నీ ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేసుకుంటే సరిపోయింది. ఆ రోజు కంగారుపడి ఒక్కో యాప్‌కీ క్లియర్ డేటా కొట్టుకుంటూ పోయి ఉంటే డేటా పోయేది, క్రాష్ మాత్రం అలాగే ఉండేది. కాబట్టి చాలా యాప్‌లు ఒకేసారి పడుతుంటే ప్లే స్టోర్‌లో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని వెతికి అప్‌డేట్ ఉందేమో చూడండి. క్రోమ్‌కి కూడా చూడండి.

ఒక్క యాపే అయితే? ముందు ఐకాన్‌ని నొక్కి పట్టుకోండి, యాప్ ఇన్ఫోలోకి వెళ్ళండి, ఫోర్స్ స్టాప్ నొక్కి మళ్ళీ తెరవండి. కాకపోతే ఫోన్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. వీటితో మీరు సేవ్ చేసుకున్నది ఏదీ పోదు.

తర్వాత స్టోరేజ్ చూడండి. ఇది చాలామంది పట్టించుకోరు. ఫోన్ నిండిపోయి ఉంటే యాప్ మొదలవగానే డేటాబేస్‌లో రాసుకోవడానికి చోటు దొరకదు, అక్కడే పడిపోతుంది. గ్యాలరీలో పెద్ద వీడియోలు, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చి పడ్డ గుడ్ మార్నింగ్ ఫోటోలు తీసేయండి. ఒకటి రెండు జీబీలు ఖాళీ చేసి మళ్ళీ ట్రై చేయండి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేసి, అదే యాప్ తెరవండి. నెట్ లేదు అన్న మెసేజ్‌తోనైనా సరే మెయిన్ స్క్రీన్ వచ్చిందా? అయితే మీ ఫోన్‌లో ఉన్న డేటా చాలావరకు బాగానే ఉందని అర్థం. సర్వర్ నుంచి వస్తున్నదేదో యాప్‌ని పడగొడుతోంది. దీనికి కూడా నిజంగా జరిగిన ఉదాహరణ ఉంది. 2020 మే నెలలో ఒకసారి, మళ్ళీ జూలైలో ఒకసారి, ఐఫోన్‌లలో స్పాటిఫై, టిండర్, పింటరెస్ట్ లాంటి యాప్‌లు తెరవగానే క్రాష్ అయ్యాయి. ఆ యాప్‌లన్నిటి లోపల ఫేస్‌బుక్ ఇచ్చిన ఎస్‌డీకే ఉంది. ఫేస్‌బుక్ వైపు జరిగిన ఒక మార్పుతో ఆ కోడ్ పడిపోయింది, దానితోపాటు యాప్ కూడా. ఫేస్‌బుక్ అకౌంట్‌తో లాగిన్ అవ్వని వాళ్ళకి కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. ఎందుకంటే ఆ కోడ్ యాప్ మొదలవగానే పనిచేయడం మొదలుపెడుతుంది. వాళ్ళ వైపు సరిచేశాక యాప్‌లు మళ్ళీ తెరుచుకున్నాయి. ఇలాంటప్పుడు మనం చేయాల్సిన పని కొన్ని గంటలు ఆగడం, అంతే.

ఇక అప్‌డేట్ సంగతి. నిన్నటిదాకా బాగానే ఉంది, రాత్రి అప్‌డేట్ అయింది, పొద్దున్నుంచి తెరుచుకోవట్లేదు. మీ ఫ్రెండ్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుంటే వాడికి మాత్రం చక్కగా వస్తోంది. ఎందుకలా? యాప్ మీ డేటాని ఒక డేటాబేస్‌లో, అంటే వరసలు, గళ్ళు ఉన్న పట్టికల్లో దాచుకుంటుంది. కొత్త వెర్షన్‌లో డెవలపర్ ఆ పట్టికలో ఒక గడి కొత్తగా చేర్చాడనుకోండి. పాత పట్టికని కొత్త పద్ధతిలోకి ఎలా మార్చాలో కూడా అతనే రాయాలి. దాన్ని మైగ్రేషన్ అంటారు. అది రాయడం మర్చిపోతే, పాత డేటా ఉన్న ఫోన్‌లలో యాప్ మొదట్లోనే పడిపోతుంది. కొత్తగా వేసుకున్నవాళ్ళ ఫోన్‌లో పాత పట్టికే లేదు కాబట్టి ఏ గొడవా ఉండదు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఈ పరిస్థితిలో క్లియర్ డేటా కొడితే యాప్ తెరుచుకుంటుంది. కానీ ఎలా? మీ పాత డేటాని చెరిపేసింది కాబట్టి! మీరు ఒకటి రెండు రోజులు ఆగితే డెవలపర్ మైగ్రేషన్ సరిచేసి ఇంకో అప్‌డేట్ ఇవ్వచ్చు. అప్పుడు యాప్ వస్తుంది, మీ డేటా కూడా దక్కుతుంది. కాబట్టి అప్‌డేట్ తర్వాత మొదలైన క్రాష్ అయితే ప్లే స్టోర్‌లో ఇంకో అప్‌డేట్ వచ్చిందేమో చూస్తూ ఉండండి, తొందరపడొద్దు. పాత వెర్షన్ కావాలని ఏదో ఒక సైట్ నుంచి ఏపీకే ఫైల్ తెచ్చి వేసుకోవద్దు. అందులో ఎవరు ఏం కలిపారో మనకి తెలియదు.

ఇప్పుడు స్టోరేజ్ పేజీలో పక్కపక్కనే ఉండే రెండు బటన్ల సంగతి. క్లియర్ క్యాష్ వేరు, క్లియర్ డేటా వేరు. క్యాష్ అంటే మళ్ళీ తెచ్చుకోగలిగిన తాత్కాలిక సరుకు, చూసిన ఫోటోల చిన్న కాపీలు లాంటివి. అది చెరిపేస్తే యాప్ మొదట కాస్త నెమ్మదిగా తెరుచుకుంటుంది, అంతకన్నా ఏం కాదు. డేటా అంటే మీ లాగిన్, సెట్టింగ్స్, ఫోన్‌లోనే దాచిన మీ సరుకు మొత్తం. కొన్ని ఫోన్‌లలో ఈ బటన్‌కి క్లియర్ స్టోరేజ్ అని పేరు ఉంటుంది. పేరు చూసి ఖాళీ చోటు వస్తుందిలే అని నొక్కేయకండి.

క్యాష్ తీసేసినా పని కాకపోతే, అప్పుడు క్లియర్ డేటా గురించి ఆలోచించాలి. నొక్కే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ యాప్‌లో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా? ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ లాంటి వాటిలో మీరు పోస్ట్ చేసినవి సర్వర్‌లోనే ఉంటాయి, మళ్ళీ లాగిన్ అయితే చాలు. కానీ పోస్ట్ చేయని డ్రాఫ్ట్‌లు ఫోన్‌లోనే ఉండి ఉంటే పోతాయి. వాట్సాప్ చాట్‌లకి బ్యాకప్ లేకపోతే ప్రమాదం. గెస్ట్‌గా ఆడిన గేమ్ అయితే లెవెల్స్ పోయినట్టే. సింక్ పెట్టుకోని అథెంటికేటర్ యాప్ అయితే ఓటీపీ కోడ్‌లు పోయి, మిగతా అకౌంట్‌లలోకి కూడా వెళ్ళలేని పరిస్థితి వస్తుంది. యూపీఐ యాప్ సంగతి వేరు. డబ్బు మీ బ్యాంక్ ఖాతాలో ఉంది, యాప్ ఒక తలుపు మాత్రమే. కాకపోతే బ్యాంక్‌కి ఇచ్చిన నంబర్ సిమ్ ఫోన్‌లో ఉండాలి, మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాలి.

యాప్ తీసేసి మళ్ళీ వేయడం కూడా క్లియర్ డేటా లాంటిదే, డేటా పోతుంది. కానీ ఒక వింత ఉంది. ఆండ్రాయిడ్‌లో ఆటో బ్యాకప్ అని ఒకటి ఉంటుంది. కొన్ని యాప్‌ల చిన్న చిన్న ఫైల్స్‌ని గూగుల్ అకౌంట్‌లో దాచి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు వెనక్కి తెస్తుంది. చెడిపోయిన ఫైల్ కూడా అలాగే వెనక్కి వచ్చేస్తే, కొత్తగా వేసిన యాప్ కూడా లోగో దగ్గరే ఆగుతుంది! అలాంటప్పుడు ఇన్‌స్టాల్ అయ్యాక ఒకసారి క్లియర్ డేటా కొడితే ఆ ఫైల్ పోతుంది.

ఐఫోన్ వాళ్ళకి ఒక మాట. మీకు క్లియర్ క్యాష్ బటన్ లేదు కానీ, సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ఐఫోన్ స్టోరేజ్‌లో ఆఫ్‌లోడ్ యాప్ అని ఉంటుంది. అది యాప్‌ని తీసేసి డేటాని ఉంచుతుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే డేటా అక్కడే ఉంటుంది. ఆ యాప్ ఇంకా యాప్ స్టోర్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం. పేమెంట్ యాప్ తెరుచుకోకపోతే కంగారులో గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతకొద్దు. మోసగాళ్ళు పెట్టిన దొంగ నంబర్లు అక్కడ ఉంటాయి. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడి, స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయిస్తారు, పిన్ కొట్టమంటారు. గుర్తుపెట్టుకోండి, క్రాష్ సరిచేయడానికి ఎవరికీ మీ యూపీఐ పిన్ అక్కర్లేదు. నంబర్ కావాలంటే బ్యాంక్ పాస్‌బుక్ మీదో, కార్డ్ వెనకో ఉన్నది చూడండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చివరిగా, ఏం చేసినా కాకపోతే డెవలపర్‌కి చెప్పండి. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో వాళ్ళ ఈమెయిల్ ఉంటుంది. యాప్ వేస్ట్, ఒక స్టార్ అని రాస్తే వాళ్ళకి ఏమీ అర్థం కాదు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్, ఎప్పటి నుంచి మొదలైంది, ఏరోప్లేన్ మోడ్‌లో తెరుచుకుందా లేదా, ఈ ఐదూ రాయండి. ఆ ఐదు ముక్కలతో వాళ్ళు వెతకాల్సిన చోటు చాలా తగ్గిపోతుంది.

సో ఫ్రెండ్స్, వరస ఇంకోసారి చెప్తాను. ఒక యాపా, చాలా యాప్‌లా చూడండి. ఫోర్స్ స్టాప్, రీస్టార్ట్. స్టోరేజ్ ఖాళీ చేయడం. ఏరోప్లేన్ మోడ్ పరీక్ష. అప్‌డేట్. క్లియర్ క్యాష్. బ్యాకప్ ఉందో లేదో చూసుకున్నాకే క్లియర్ డేటా. మీ ఇంట్లో అమ్మానాన్నల ఫోన్‌లో ఇలా అయితే వాళ్ళు ఫోన్ మీ చేతికే ఇస్తారు కదా. అప్పుడు కూడా ఇదే వరస పాటించండి. వాళ్ళ ఫోన్‌లో ఉన్న ఫోటోలు, చాట్‌లు ఇంకెక్కడా ఉండకపోవచ్చు. ఇంకో ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. అందాకా సెలవు.