పైన పటారమే.. లోనా సరుకుంది!

మ్యూజియానికి వచ్చినవారు భవనాన్ని చూసి మురిసి, లోపలి బొమ్మల్ని పట్టించుకోకుండా వెళ్ళిపోతే? స్పెయిన్‌లోని బిల్బావో నగరంలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కట్టినప్పుడు ఎదురైన చిక్కు ఇదే.

బిల్బావో ఒకప్పుడు ఉక్కుకు, ఓడల తయారీకి పేరుమోసిన రేవు పట్టణం. 1980లలో కార్ఖానాలు మూతపడ్డాయి. వేలమంది పనులు పోయి వీధిన పడ్డారు. ఊరికి మళ్ళీ కళ తేవాలని అక్కడి ప్రభుత్వం నది ఒడ్డున ఈ కాలపు కళాకారుల పనికి మ్యూజియం తలపెట్టింది. దూరదేశాల జనాన్ని రప్పించాలంటే కట్టడమే వింతగా ఉండాలి మరి!

ఆ బాధ్యత అమెరికా ఆర్కిటెక్టు ఫ్రాంక్ గేరీకి అప్పగించారు. ఆయన గోడల్ని వంపులు తిప్పి, చేప పొలుసుల్లా సుమారు 33 వేల టైటానియం రేకులు తాపడం చేయించారు. రేకు మందం అర మిల్లీమీటరైనా ఉండదు. ఆ వంపుల లెక్క తేల్చడానికి విమానాల తయారీలో వాడే కంప్యూటరు పద్ధతి అవసరమైంది. 1997 అక్టోబరులో మ్యూజియం ప్రారంభమైంది.

వంకర గోడపై పటమెలా?

ఇదే సంస్థ న్యూయార్కులో 1959లో తెరిచిన మ్యూజియం నత్తగుల్లలా చుట్లు తిరిగి ఉంటుంది. నేల ఏటవాలు, గోడ వంపు. అలాంటి గోడకు పటం ఎలా ఆనుతుందని 1956లోనే 21 మంది కళాకారులు లేఖ రాసి అభ్యంతరం చెప్పారు.

బిల్బావోలో గేరీ వేరే దారి పట్టారు. మన గుళ్ళలో గాలిగోపురం ఎంత ఆర్భాటంగా ఉన్నా, గర్భగుడి నిరాడంబరంగానే ఉంటుంది కదా! ఇక్కడా అంతే. హంగంతా పైకప్పులోను, 50 మీటర్ల ఎత్తున్న నడిమి హాలులోను చూపారు. పటాల కోసం తిన్నని గోడలతో పది మామూలు గదులు కట్టారు. వాటికి బయట రేకు లేదు, రాతి పలకలే. వంపు గదుల్ని భారీ శిల్పాలకు వదిలారు.

వాటిలో ఒకటి 130 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. ఏ బొమ్మ పెట్టినా వెలవెలబోయేంత చోటు! శిల్పి రిచర్డ్ సెర్రా 2005 నాటికి అక్కడ ఎనిమిది ఉక్కు శిల్పాలు నిలిపారు. మొత్తం బరువు వెయ్యి టన్నుల పైమాటే. వంపు తిరిగిన ఆ ఉక్కు గోడల సందుల్లో జనం నడుస్తూ చూస్తారు. ఉక్కుతో బతికిన ఊరికి తగిన కానుకే.

భవనం కళను మింగేసిందనే వారు లేకపోలేదు. అయినా 2023లో ఈ మ్యూజియం చూసినవారు 13 లక్షలకు పైనే. భవనం కోసం వచ్చినవారికి లోపల చూడదగ్గది దొరకాలి. మ్యూజియం గట్టెక్కేది అప్పుడే.