‘ముక్క పడలేదు’ అంటే చెల్లదు!
పేకముక్కలు అవే.. ఆట వేరు: బ్రిడ్జి పోటీల తీరుతెన్నులు

పేకాట శిబిరంపై పోలీసుల దాడి, ఇంతమంది అరెస్టు, ఇంత నగదు స్వాధీనం. జిల్లా పేజీలో ఈ వార్త లేని వారం అరుదు. తోటలో, లాడ్జి గదిలో, చెరువు గట్టు మీద ఎక్కడ పట్టుబడినా పోలీసులు బల్లపై పరిచి చూపేది డబ్బుతోపాటు ఒక పేక. సరిగ్గా అవే 52 ముక్కలతో ఆడి 2018 సెప్టెంబర్ 1న ఇద్దరు భారతీయులు ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించారు. జకార్తాలో జరిగిన పురుషుల జంటల బ్రిడ్జి పోటీలో 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శిబ్‌నాథ్ సర్కార్ చైనా జంటను వెనక్కి నెట్టి ప్రథమ స్థానంలో నిలిచారు. బాక్సింగ్‌లో అమిత్ పంఘాల్ స్వర్ణం గెలిచిందీ ఆ రోజే. ఒకవైపు ఇరవై రెండేళ్ల సైనికుడు, మరోవైపు తల నెరిసిన బెంగాలీ పెద్దలు. ఆ రోజు చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: పేకాటకు పతకమేమిటి?

ఆ ప్రశ్నకు సమాధానం ఆటలో కంటే పోటీని నిర్వహించే పద్ధతిలో ఉంది. ‘ముక్క పడలేదు’ అన్నది మన పేకాటరాయుళ్లందరికీ అలవాటైన మాట. ఓడినవారు చేతకాలేదని ఒప్పుకోరు, ముక్క పడలేదంటారు. బ్రిడ్జి పోటీల్లో ఆ సాకుకు చోటు లేకుండా చేశారు.

పాట పాడి ఆడాలి

ముందుగా ఆట సంగతి. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా కూర్చున్నవారు జంట. వీరిని పేర్లతో కాక ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని దిక్కులతో గుర్తిస్తారు. ఒక్కొక్కరికి 13 ముక్కలు పంచుతారు. ఒకరు ముక్క వేస్తే మిగిలిన ముగ్గురూ అదే రంగు వేయాలి. పెద్ద ముక్క వేసినవారిది ఆ పట్టు. దీనినే క్లబ్బుల్లో ట్రిక్ అంటారు. ఒక పంపకంలో మొత్తం 13 పట్లు ఉంటాయి. చేతిలో ఆ రంగు లేనివారు తురుపు వేసి కోయవచ్చు. ఇంతవరకు పల్లెల్లో తురుపు ఆట ఆడినవారికి కొత్త ఏమీ లేదు.

అసలు తేడా ఆటకు ముందు జరిగే వేలంలో ఉంది. ఏ రంగు తురుపు కావాలో, ఎన్ని పట్లు గెలుస్తారో చెబుతూ నలుగురూ వరుసగా పాట పాడతారు. మొదటి ఆరు పట్లు లెక్కలోకి రావు. ‘రెండు ఇస్పేట్లు’ అంటే ఇస్పేటు తురుపుగా ఎనిమిది పట్లు గెలుస్తామని, ‘నాలుగు ఇస్పేట్లు’ అంటే పది గెలుస్తామని అర్థం. రంగుల్లో కళావరు అన్నిటికన్నా కింద ఉంటుంది. దానిపైన వరుసగా డైమను, ఆఠీను, ఇస్పేటు. అన్నిటికీ పైన తురుపు లేకుండా ఆడే ‘నో ట్రంప్’. ఒకటి నుంచి ఏడు వరకు పాడే వీలుంది కాబట్టి వేలంలో మొత్తం 35 మెట్లు ఉన్నాయి. చివరి పాట పాడిన జంట ఆ ఒప్పందాన్ని నెరవేర్చాలి. ఆ జంటలో ఒకరు తమ 13 ముక్కలనూ బల్లపై అందరికీ కనిపించేలా పరచి ఊరుకుంటారు. వారిని డమ్మీ అంటారు. రెండు చేతుల ముక్కలనూ భాగస్వామే ఆడతారు.

వేలానికి ఇంకో పని ఉంది. ఎదురుగా ఉన్న భాగస్వామి చేతిలో ఏముందో తెలియదు, అడగడానికి వీల్లేదు, చూపడానికి అంతకన్నా లేదు. పాటే వారి మధ్య భాష. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున లెక్కగడితే పేక మొత్తంలో 40 పాయింట్లు. మనిషికి సగటున పది వస్తాయి. 12, 13 ఉన్నవారు సాధారణంగా మొదటి పాట పాడతారు. జంటలో ఇద్దరికీ కలిపి 25 దాకా ఉన్నాయని పాటల ద్వారా తెలుసుకోగలిగితే పెద్ద ఒప్పందానికి సిద్ధపడతారు. ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపం ఇచ్చింది అమెరికాకు చెందిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్. 1925లో పనామా కాలువ మీదుగా సాగిన ఓడ ప్రయాణంలో ఆయన కొత్త లెక్కల విధానాన్ని తోటి ప్రయాణికులతో ఆడి చూశారు. అదే కాంట్రాక్ట్ బ్రిడ్జి.

అందరికీ అవే ముక్కలు

ఇక పోటీల విషయానికి వద్దాం. ఇంట్లో ఆడితే ఒక ఆట కాగానే పేక కలిపేస్తారు. పోటీల్లో కలపరు. ఆడిన ముక్కను బల్ల మధ్యకు విసరకుండా ఎవరి ముందు వారే పెట్టుకుంటారు. ఆట ముగిశాక ఎవరి 13 ముక్కలు వారివిగానే నాలుగు అరలున్న ఒక పళ్లెంలో తిరిగి పెడతారు. దీనిని బోర్డు అంటారు. ఆ బోర్డు పక్క బల్లకు వెళుతుంది. అక్కడి ఉత్తరం వారికీ ఇక్కడి ఉత్తరం వారు ఆడిన 13 ముక్కలే వస్తాయి. తూర్పు, పడమర జంటలు ఒక దిక్కుకు జరుగుతుంటే బోర్డులు ఎదురు దిక్కుకు సాగుతుంటాయి. పోటీ ముగిసే సరికి ఒకే పంపకాన్ని పది, పదిహేను బల్లలపై ఆడి ఉంటారు.

అప్పుడు పోలిక ఎవరితో? బల్ల దగ్గర ఎదురుపడినవారితో కాదు. అవే ముక్కలతో ఇతర బల్లల దగ్గర అదే దిక్కున కూర్చున్నవారితో. చేతికి అన్నీ చిన్న ముక్కలే వచ్చినా బాధ లేదు. ఆ దిక్కున కూర్చున్న అందరికీ అవే వచ్చాయి. వారిలో తక్కువ నష్టంతో బయటపడినవారికే ఎక్కువ మార్కులు. నాలుగు ఆసులూ వచ్చినా సంబరం లేదు. అవి అందరికీ వచ్చాయి కదా.

జట్ల పోటీలో ఇది మరింత స్పష్టం. ఒక జట్టులో నలుగురు ఆడతారు. ఇద్దరు ఒక గదిలో ఉత్తర, దక్షిణాలుగా, మిగిలిన ఇద్దరు మరో గదిలో తూర్పు, పడమరలుగా కూర్చుంటారు. ఒక గదిలో మనవారి చేతికొచ్చిన మంచి ముక్కలే రెండో గదిలో ప్రత్యర్థుల చేతికి వెళతాయి.

ఉదాహరణకు ఒక బోర్డులో ఇస్పేటు తురుపుగా పది పట్లు వచ్చాయనుకుందాం. ఒక గదిలోని జంట ధైర్యం చేసి ‘నాలుగు ఇస్పేట్లు’ పాడింది. ఆరు పోగా మిగిలిన నాలుగు పట్లకు 30 చొప్పున 120. పెద్ద ఒప్పందం నెరవేర్చినందుకు 500 అదనం. మొత్తం 620. రెండో గదిలోని జంట జంకి ‘రెండు ఇస్పేట్లు’ దగ్గర ఆగింది. వారికీ పది పట్లే వచ్చాయి. అయినా దక్కింది 170 మాత్రమే. తేడా 450. అంతర్జాతీయ పట్టిక ప్రకారం ఇది మొదటి జట్టుకు పది పాయింట్ల లాభం. (500 అదనం అన్ని బోర్డులకూ ఉండదు. లాభనష్టాలు రెండూ పెద్దవిగా ఉండేలా గుర్తు వేసిన బోర్డుల్లోనే. ఆ స్థితిని వల్నరబుల్ అంటారు. మిగతా బోర్డుల్లో 300.)

మరి తొమ్మిదే పట్లు వస్తే? నాలుగు పాడినవారు 100 నష్టపోతారు. రెండు పాడినవారికి 140 వస్తాయి. తేడా 240, పట్టికలో ఆరు పాయింట్లు. అంటే ధైర్యం ఫలిస్తే పది వస్తాయి, వికటిస్తే ఆరు పోతాయి. పదిసార్లు ఇలా ప్రయత్నించి నాలుగుసార్లే నెగ్గినా వచ్చేది 40, పోయేది 36. అందుకే జట్ల పోటీల్లో ఆరితేరినవారు సగం అవకాశం లేకపోయినా పెద్ద పాట పాడుతుంటారు. చూసేవారికి అది తెగింపు. వారికి అది లెక్క.

పాడని పాటా సాక్ష్యమే

లెక్కతో పాటు అనుమానం కూడా కావాలి. కళావరు రాణి ప్రత్యర్థుల్లో ఎవరి దగ్గర ఉందో తెలిస్తే ఒప్పందం నెగ్గుతుంది, లేకుంటే ఓడుతుందనుకుందాం. కొత్తగా నేర్చిన వారు బొమ్మా బొరుసా అన్నట్లు ఒక వైపు మొగ్గుతారు. అనుభవజ్ఞులు వేలాన్ని గుర్తు చేసుకుంటారు. కుడివైపు వ్యక్తి మొదటి పాట పాడే అవకాశం తనదే అయినా ‘పాస్’ అన్నాడు. ఆట సాగేకొద్దీ అతని చేతినుంచి ఒక ఆసు, ఒక రాజు, మరో ఆసు బయటపడ్డాయి. అంటే 11 పాయింట్లు. రాణి కూడా అతని వద్దే ఉంటే 13 అవుతాయి. 13 ఉన్నవాడు పాడకుండా ఊరుకోడు. కాబట్టి రాణి ఎడమవైపే ఉండాలి. పల్లె పంచాయతీలో పెద్దలు సాక్షుల మాటలనే కాదు, మౌనాన్నీ తూచినట్టే ఇది.

ఇలాంటి ఆలోచన ప్రతి ముక్కకూ చేయాలి. ఒక మనిషికి రాగల 13 ముక్కల కలయికలే 63,501 కోట్లకు పైమాటని గణితం చెబుతుంది. బట్టీ పట్టి నెగ్గే ఆట కాదు. 2022 మార్చిలో పారిస్‌లో ‘నూక్’ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఎనిమిది మంది ప్రపంచ ఛాంపియన్ల కంటే మెరుగ్గా ముక్కలు ఆడి చూపింది. అయితే ఆ పోటీలో వేలం భాగాన్ని పక్కన పెట్టారు.

బల్ల మధ్య తెర

అదృష్టాన్ని బోర్డు కట్టడి చేసింది. మోసాన్ని కట్టడి చేయడం అంత తేలిక కాలేదు. పాట పాడే గొంతులో తేడా, ముక్క వేయడంలో జాప్యం, ఒక దగ్గు కూడా భాగస్వామికి కబురు చేరవేయగలవు. అందుకే పెద్ద పోటీల్లో నోటితో పాడరు. డబ్బాలోంచి అచ్చువేసిన అట్ట తీసి పెడతారు. భాగస్వాములు ఒకరినొకరు చూడకుండా బల్లకు అడ్డంగా తెర కడతారు. ప్రపంచ పోటీల్లో ఈ తెరలు 1975లో బెర్ముడాలో వచ్చాయి. ఆ పోటీల్లోనే ఇద్దరు ఆటగాళ్లు బల్ల కింద కాళ్లతో సైగలు చేసుకున్నారన్న ఆరోపణ రావడంతో బల్ల కిందా అడ్డు పెట్టాల్సి వచ్చింది.

అంతటితో ఆగలేదు. 2015లో ఒక అగ్రశ్రేణి జంట ఆటల వీడియోలను ప్రత్యర్థి క్రీడాకారులే ఇంటర్నెట్‌లో పెట్టి, అందరూ కలిసి పరిశీలించారు. బోర్డును బల్లపై ఏ చోట పెడుతున్నారన్నదే వారి సంకేతమని తేల్చారు. ఆ జంటపై యూరోపియన్ బ్రిడ్జి లీగ్ నిషేధం విధించింది. ఆ ఏడాదే మన పొరుగున చెన్నైలో జరిగిన ప్రపంచ జట్ల పోటీలకు ఈ దుమారం కారణంగా కొన్ని దేశాల జట్లు దూరమయ్యాయి. అక్కడ బెర్ముడా బౌల్‌ను పోలండ్ గెలుచుకుంది. కుర్చీలో కూర్చుని ఆడే ఆటే అయినా క్రీడాకారులకు డోపింగ్ పరీక్షలు కూడా తప్పవు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపుతో పాటు వచ్చిన నిబంధన అది.

చట్టం ఏమంటోంది?

పేకముక్కలు కనిపిస్తే పోలీసులు వస్తారేమోనన్న భయం జిల్లాల్లో సహజం. ఈ విషయంలో దేశమంతటా న్యాయస్థానాలు ఉదహరించే తీర్పు తెలుగు నేలపై పుట్టిన కేసుదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, కె.సత్యనారాయణకు మధ్య నడిచిన ఆ వ్యాజ్యం న్యాయ గ్రంథాల్లో 1968 తీర్పుగా నమోదైంది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని కోర్టు తేల్చింది. అందులో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచడంలో ఉండే అదృష్టం వంటిదేనని వివరించింది. రమ్మీ నైపుణ్యాన్ని తూచడానికి న్యాయమూర్తులు ఎంచుకున్న తూకపురాయి బ్రిడ్జి అన్నమాట. అయితే అదే తీర్పు, ఆట ముసుగులో పందెం నడిపినా, నిర్వాహకులు దానిపై లాభం గుంజినా నేరమే కావచ్చని కూడా హెచ్చరించింది. ఆ తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధిస్తూ చట్టాలను సవరించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ వర్తించేలా చట్టం తెచ్చింది. బ్రిడ్జి పోటీలో క్రీడాకారుల మధ్య పందెం ఉండదు. ప్రవేశ రుసుము కట్టి ఆడతారు, గెలిచినవారికి నిర్వాహకులు బహుమతి ఇస్తారు. చదరంగం పోటీల్లోనూ జరిగేది ఇదే.

క్లబ్బు గడప దాటలేదు

ఇంత ఉన్నా ఈ ఆట ఊళ్లకు ఎందుకు చేరలేదన్నది అసలు ప్రశ్న. దొరల కాలంలో క్లబ్బుల ద్వారా వచ్చిన బ్రిడ్జి చాలాచోట్ల ఆ గడపలోనే మిగిలింది. టెన్నిస్ కోర్టు, బిలియర్డ్స్ బల్ల ఉన్న ఆఫీసర్స్ క్లబ్బుల్లో వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు, బదిలీపై వచ్చిన అధికారులు ఆడేవారు. బల్లకు నలుగురు తప్పనిసరి కాబట్టి ఒకరు బదిలీ అయితే ముగ్గురు ఖాళీ. పక్క బల్లపై రమ్మీకి ఆ ఇబ్బంది లేదు, నేర్చుకోవడానికి గంట చాలు. బ్రిడ్జికి కనీసం కొన్ని నెలలు కావాలి. ఆడేవారి వయసు పెరుగుతూ వచ్చింది, వారి స్థానంలోకి వచ్చేవారు తగ్గారు.

పిల్లలకు నేర్పుదామంటే పేక పేరు వినగానే తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. వారిని తప్పుపట్టలేం. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు లేని మండలం ఉండదు. చదరంగం బల్ల కొనిచ్చే తండ్రి పేక కొనివ్వడు. పోలండ్ వంటి దేశాల్లో బడిపిల్లలకు నేర్పుతున్న ఆట మన దగ్గర పదవీ విరమణ తర్వాతి కాలక్షేపంగా మిగలడానికి ఇదే కారణం.

పతకాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. జకార్తాలో స్వర్ణంతో పాటు పురుషుల జట్టు, మిశ్రమ జట్టు కాంస్యాలు తెచ్చాయి. మిశ్రమ జట్టులో పతకం అందుకున్నవారి జాబితాలో కిరణ్ నాడార్, హేమా దేవరాలతో పాటు బాచిరాజు సత్యనారాయణ అనే తెలుగు పేరూ ఉంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పురుషుల జట్టు ఫైనల్ వరకు వెళ్లి హాంకాంగ్ చేతిలో ఓడి రజతం సాధించింది. దేశవాళీ పోటీల్లో రుయా ట్రోఫీ కోసం జరిగే జాతీయ జట్ల పోరుకు ఎప్పటినుంచో పేరుంది.

నేర్చుకోదలచినవారికి ఖర్చు పెద్దగా లేదు. ఒక పేక, నలుగురు మనుషులు, కాగితం, పెన్సిలు చాలు. నలుగురు దొరకని ఊళ్లవారికి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఆడే వేదికలు ఉన్నాయి. 2020లో కరోనా కారణంగా క్లబ్బులు మూతపడినప్పుడు పెద్ద ఆటగాళ్లూ వాటినే ఆశ్రయించారు. మొదట వేలం జోలికి పోకుండా డమ్మీని పరచి ముక్కలు ఆడటం, పడిన ముక్కలను లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకుంటే పాటలు నేర్వడం తేలికవుతుంది. రెండు బల్లలకు సరిపడా ఎనిమిది మంది, అట్టపెట్టెతో చేసుకున్న బోర్డులు నాలుగు ఉంటే ఊళ్లోనే జట్ల పోటీ పెట్టుకోవచ్చు. పేక కలపడం ఒక్కసారే.