పట్టాభూమియు సర్కారు అడవియు: రైతులు తెలిసికొనవలసిన విషయములు

అడవి హద్దు నానుకొని భూములు గల రైతులకు మూడు సందేహములు తఱచుగా కలుగుచుండును. తన పట్టాభూమి అడవిలో కలిసిపోవునా? తన చేనిగట్టున పెరిగిన చెట్టును తాను కొట్టుకొనవచ్చునా? తాతల నాటినుండి నడచుచున్న బండిబాటయు, పశువుల మేతయు ఇకముందు సాగునా? ఈ సందేహములకు చట్టమునందే సమాధానము గలదు. అయితే చట్టము తెలియనందున గడువు దాటనిచ్చి హక్కు పోగొట్టుకొనినవారును, తన చెట్టే కదా యని నఱికి జుల్మానా చెల్లించినవారును గలరు. అట్టి నష్టము కలుగకుండుటకై ముఖ్యాంశము లిందు సులభముగా వివరింపబడుచున్నవి.

1. చట్టములు, సర్కారు విధానము

పూర్వము హైదరాబాదు రాష్ట్రమునందు 1355 ఫసలీ (క్రీ.శ. 1945-46) నాటి అడవి చట్టమును, మద్రాసు ఆధిపత్యము క్రింది తెలుగు జిల్లాలలో 1882 నాటి అడవి చట్టమును అమలునందుండెను. ఈ రెంటికిని బదులుగా 1967లో ఆంధ్రప్రదేశ్ అడవి చట్టము వచ్చెను. 2014లో రాష్ట్రము రెండుగా విభజింపబడినను ఉభయ రాష్ట్రములకును ఆ చట్టమే ఆధారముగా నున్నది. 1976లో జరిగిన రాజ్యాంగ సవరణచే అడవుల విషయము రాష్ట్రములకే గాక కేంద్రమునకును అధికారము గల జాబితాలో చేర్చబడినది.

విధానము సైతము కాలక్రమమున మారినది. 1894 నాటి అడవి విధానములో సేద్యమునకు పెద్దపీట యుండెను. సాగునకు భూమి కావలసినచోట కొన్ని షరతులపై అడవిని విడువవచ్చునని అందు తలంపు. 1952 నాటి విధానము ఆ తలంపును త్రోసివేసి, దేశ విస్తీర్ణములో మూడవవంతు అడవి యుండవలెనని నిర్ణయించెను. 1988 నాటి విధానము నేల, నీరు, వాతావరణముల రక్షణమే అడవికి మొదటి ప్రయోజనమనియు, రాబడి దాని తరువాతిదనియు చెప్పెను.

ఈ మార్పును రైతు గ్రహింపవలయును. ఏలననగా, ఒకప్పుడు అడవి నఱికి సాగుచేసికొమ్మని ప్రోత్సహించిన అధికారులే పిమ్మట అట్లు చేయరాదనిరి. 1980 అక్టోబరు 25వ తేదీనుండి కేంద్ర ప్రభుత్వము ముందుగా ఒప్పుకొననిదే ఏ రాష్ట్రమును అడవి భూమిని ఇతర పనులకు మార్చుటకు వీలులేదు. కావున ఆ తేదీ తరువాత అడవి భూమిపై అట్టి ఒప్పుదల లేక ఇయ్యబడిన పట్టా, దానిపై ఎంతటి మొహరు ఉన్నను, బలహీనమైనది. ఆ తేదీకి పూర్వపు పట్టాయైనచో ఆ కాగితమును పదిలముగా కాపాడుకొనవలయును.

2. అడవి రిజర్వు అగు విధము

ఒక ప్రదేశమును రిజర్వు అడవిగా చేయదలచినపుడు సర్కారు మొదట 4వ సెక్షను క్రింద ప్రకటన చేయును. అందు హద్దులు పేర్కొనబడును. పిమ్మట సెటిల్‌మెంటు అధికారి నియమింపబడి, ఆయా గ్రామములలో చాటింపు వేయించి, ఎవరికైనను భూమిపై గాని, దారి, నీటికాలువ, మేత, కలప వీనిపై గాని హక్కున్నచో నిర్ణీత గడువులోపల తెలుపుకొమ్మని కోరును. వచ్చిన దరఖాస్తులపై విచారణ జరుగును. హక్కు రుజువైనచో ఆ భూమిని హద్దులకు వెలుపల విడుచుటయో, యజమానితో ఒడంబడిక చేసికొనుటయో, పరిహారమిచ్చి తీసికొనుటయో జరుగును. నిర్ణయము నచ్చనివారికి అప్పీలు గలదు. ఇవియన్నియు ముగిసిన తరువాతనే 15వ సెక్షను క్రింద తుది ప్రకటన వెలువడి అది రిజర్వు అడవి యగును.

ఇందు రైతు మఱువరానిది ఒక్కటే. గడువులోపల చెప్పుకొనని హక్కు తుది ప్రకటనతో నశించును. "మా తాతలనుండి దున్నుచున్నాము, అందఱికిని తెలిసినదే" యను మాట విచారణలో చాలదు. ఉదాహరణమునకు, ఎనిమిది ఎకరముల పట్టా గల ఒక రైతు భూమిలో రెండెకరములు ప్రకటించిన హద్దులోనికి వచ్చినవనుకొందము. అతడు సేత్వారు నకలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, శిస్తు రసీదులు, గ్రామపటము వీనిని జతచేసి వ్రాతపూర్వకముగా దరఖాస్తు ఇచ్చి, దానికి రసీదు పొందవలయును. నోటిమాటగా అధికారికి చెప్పి యింటికి వచ్చినచో ఆ రెండెకరములు దక్కుట దుర్లభము.

మఱియొక చిక్కు గలదు. పెక్కు చోట్ల 4వ సెక్షను ప్రకటన జరిగి, 15వ సెక్షను ప్రకటన దశాబ్దములు గడచినను వెలువడలేదు. ఈ నడుమ రెవెన్యూ లెక్కలలో భూమి పట్టాగాను, అడవిశాఖ పటములో అదే భూమి అడవిగాను కనబడును. ఇట్టి తగవు తీరుటకు ఉభయ శాఖలవారు కలిసి చేయు ఉమ్మడి సర్వేయే మార్గము. దానిని కోరుచు తహసీలుదారునకు దరఖాస్తు పెట్టుకొనుట మేలు. సర్వే నాడు పట్టాదారు తానే హాజరై హద్దురాళ్లను చూపించుట మఱింత మేలు.

3. పట్టాభూమిలోని చెట్లు

చెట్టు తనదైనను దానిని నఱకుటకు అనుమతి వేఱు, తరలించుటకు అనుమతి వేఱు. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ననుసరించి నియమితాధికారి అనుమతి లేక చెట్టు నఱకరాదు. కలపను బండిపై గాని లారీపై గాని తీసికొనిపోవుటకు 1970 నాటి నిబంధనల ప్రకారము రవాణా పర్మిటు ఉండవలయును. సరుగుడు, నీలగిరి, సుబాబులు వంటి కొన్ని సాగుచెట్లకు మినహాయింపులు గలవు. టేకు, ఎఱ్ఱచందనముల విషయమున నిర్బంధము లెక్కువ. కావున నాటునపుడే అవి తన సర్వే నంబరులో నున్నట్లు పహాణీలో నమోదు చేయించినచో, ఇరువది ముప్పదియేండ్ల పిమ్మట కోతకాలమున అది అడవి కలప కాదని రుజువుచేయుట సులువగును.

4. "అడవి" యను మాటకు అర్థము

1996 డిసెంబరు 12వ తేదీన సుప్రీంకోర్టువారు గోదవర్మన్ కేసునందు, అడవి యనగా నిఘంటువులోని అర్థమే గ్రహింపవలెననియు, యాజమాన్యమెవరిదైనను సర్కారు లెక్కలలో అడవి యని వ్రాయబడిన భూమియు అందు చేరుననియు ఉత్తరువు చేసిరి. 2023 నాటి సవరణ ఈ పరిధిని కొంత కుదించెను. అయినను 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టువారు, రాష్ట్రములు అడవి భూముల లెక్కలు సిద్ధపఱచువరకు 1996 నాటి అర్థమునే పాటింపుడని మధ్యంతరముగా ఆజ్ఞాపించిరి. దీనినిబట్టి పట్టాదారు తన భూమి ఏ లెక్కలోనైనను పొరపాటున అడవిగా వ్రాయబడెనేమో చూచుకొని, అట్లున్నచో సత్వరము సవరింపజేసికొనవలయును.

5. అడవిలో సాగుచేయువారి హక్కులు

అడవి చట్టము ప్రజల మొఱ వినక అమలు జరిగినపుడు కలుగు కీడు మన దేశమున అనుభవములో నున్నదే. 1921-22లో పలనాటియందు పుల్లరి విషయమై రైతులు ఎదిరించిరి. వారి నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922లో కాల్పులలో మరణించెను. 1940లో ఆదిలాబాదు జిల్లా జోడేఘాటు నందు గోండు నాయకుడు కుమ్రం భీము అట్లే మరణించెను. పిమ్మట నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు పండితునిచే విచారణ చేయించి, గోండులు మొదలగువారికి భూములపై పట్టాలు ఇప్పించెను.

2006 నాటి అడవి హక్కుల చట్టము ఆ మార్గమునే విస్తరించినది. 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వమునుండి అడవి భూమిని సాగుచేయుచున్న గిరిజనులకు, నిజముగా సాగులో నున్నంత మేరకు, నాలుగు హెక్టార్లు అనగా సుమారు పది ఎకరములు మించకుండ హక్కు గలుగును. గిరిజనేతరులైనచో ఆ తేదీకి పూర్వము మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, అడవియందు నివసించి దానిపై జీవించినట్లు రుజువు చూపవలెను. విచారణ గ్రామసభయందు మొదలగును. సర్కారు పూర్వమిచ్చిన పట్టాలను, కౌళ్లను శాశ్వత హక్కులుగా మార్చుకొనుటకును ఈ చట్టమున అవకాశము గలదు. హక్కుపత్రము భార్యాభర్తల ఇరువురి పేరనుండును, వారసులకు సంక్రమించును, అమ్మకమునకు మాత్రము పనికిరాదు.

6. కొనువారికి హెచ్చరిక

పైన చెప్పిన హక్కుపత్రముగల భూమిని కొనుటయనగా డబ్బు నీటిలో వేయుటయే. ఏజెన్సీ ప్రాంతమున నిషేధ మింకను తీవ్రము. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషనును 1970లో సవరించిన పిమ్మట, అచ్చటి భూమిని గిరిజనేతరునకు చేయు బదిలీ చెల్లదు. అమ్మువాడు గిరిజనేతరుడైనను ఇదియే నియమము. చవుకగా వచ్చుచున్నదని ఆశపడి సాదాకాగితముపై వ్రాయించుకొనిన వారికి భూమియు మిగులదు, పైకమును మిగులదు.

రైతులు చేయవలసిన పనులు

(1) తన భూమి సర్వే నంబరు రెవెన్యూ లెక్కలోను, అడవి పటములోను ఎట్లున్నదో ముందుగానే సరిచూచుకొనవలయును.

(2) సేత్వారు, ఖాస్రా పహాణీ, శిస్తు రసీదుల నకళ్లను తీసి యింట భద్రపఱచుకొనవలయును.

(3) అడవి ప్రకటన చాటింపు వినిన వెంటనే వ్రాతపూర్వకముగా హక్కు తెలిపి రసీదు పొందవలయును. దారి, నీరు, మేత హక్కులనుగూడ విడువక వ్రాయవలయును.

(4) చెట్టు నఱకుటకు ముందు అనుమతియు, తరలించుటకు ముందు పర్మిటును పొందవలయును.

(5) హద్దురాళ్లను కదల్చుట, అడవిలో నిప్పు పెట్టుట నేరములు. వేసవిలో చేనిచెత్త కాల్చునపుడు మంట అడవికి ప్రాకకుండ జాగ్రత్తపడవలయును.

అడవి రైతునకు శత్రువు కాదు. ఎగువ గుట్టలపై చెట్లున్నచో వానమట్టి కొట్టుకొనివచ్చి చెఱువు పూడుట తగ్గును. బావులలో నీరు ఎక్కువకాలము నిలుచును. చట్టము తెలిసి, గడువులోపల కాగితము చేతబట్టి పోవు రైతు తన భూమిని కాపాడుకొనగలడు. తన చెఱువును నింపు అడవిని కూడ కాపాడినవాడగును.