వీధి, బస్సు, వాననీరు

జోగులాంబ గద్వాల జిల్లాలోని అయిజ నేడు పురపాలక సంఘము గల పట్టణము. ఇట్టి చోట్ల క్రొత్త రోడ్డుకు తీర్మానము జరిగినపుడు జనులు అడుగునది ఒక్కటే: ఎంత పొడవు? శాస్త్రము అడుగునది వేఱు: వాననీరు ఎటు పోవును?

రోడ్డు బలము పైపూతలో కంటె క్రింది నేలలో ఎక్కువగా నున్నది. ఈ ప్రాంతమున ఎఱ్ఱనేలతోపాటు నల్లరేగడియు కలదు. రేగడి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని నెఱ్ఱెలు వాఱును. దానితో పైనున్న రోడ్డును పగులును. పగుళ్లగుండ నీరు దిగి అడుగునేల మెత్తబడును.

అంతలో గద్వాల బస్సు వచ్చును. 1958 మొదలు 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన పరీక్షలలో, ఇరుసుపై బరువు రెట్టింపైనచో రోడ్డుకు కలుగు చెఱుపు రమారమి 16 రెట్లగునని తేలినది. కావున బస్సు తిరుగు వీధికి పునాది మిక్కిలి గట్టిదై యుండవలెను.

నీటికి ఉపాయమేమి? నూటికి రెండు పాళ్ల వాలు చాలును. అనగా 6 మీటర్ల వెడల్పుగల సిమెంటు వీధిలో నడుమ భాగము అంచులకంటె 6 సెంటీమీటర్లు ఎత్తుండవలెను. అంచున ఆ నీటిని అందుకొను కాలువ ఉండవలెను.

పాత రోడ్డును తవ్వక దానిపైననే మఱల మఱల పోయుచుండిన వీధి పెరుగును, గడప పెరగదు. వాననీరు ఇంటిలోనికి వచ్చును. కావున వరుస ముఖ్యము: ముందు నీటిగొట్టములు, పిదప కాలువ, ఆపై పునాది, చివరకు రోడ్డు. ఈ వరుస తప్పినచో నేడు వేసిన రోడ్డును రేపు మనమే త్రవ్వుకొనవలసి వచ్చును. తీర్మానము విన్నప్పుడు పొడవుతోపాటు వాలును కూడ అడుగుడు.