ఎవరి ఓటీపీ వారి చేతిలోనే!

'మీ ఓటీపీని ఎవరికీ చెప్పకండి' అంటూ బ్యాంకులూ బీమా కంపెనీలూ హెచ్చరిస్తూనే ఉంటాయి. కానీ ఆ కంపెనీ వెబ్‌సైట్‌ను సొంతంగా వాడుకునే వీలు లేకపోతే, చూపులేని మనిషి తన ఓటీపీని ఎవరో ఒకరికి చెప్పక తప్పదు. దివ్యాంగులకు పనికొచ్చేలా వెబ్‌సైట్‌ను తీర్చిదిద్దడమంటే వారి గుట్టునూ ఆత్మగౌరవాన్నీ కాపాడటమే. చట్టం చెబుతున్నదీ అదే, సుప్రీంకోర్టు అంటున్నదీ అదే.

ఆరోగ్య బీమా గడువు ముగుస్తోంది. సైట్‌లోకి వెళ్లి పాలసీ నంబరు కొట్టి డబ్బు కడితే అయిపోతుంది. అదే పనిని చూపులేని పాలసీదారు స్క్రీన్ రీడర్ సాయంతో చేస్తున్నారనుకోండి. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ట్యాబ్ మీట నొక్కినకొద్దీ ఒక్కో అంశం చదువుతూ పోతుంది.

'లింక్... బటన్... బటన్...' అని వినిపిస్తుందే తప్ప ఆ బటన్ దేనికో చెప్పదు. తయారుచేసినవారు భూతద్దం బొమ్మ పెట్టి ఊరుకున్నారు, కోడ్‌లో దానికి పేరు రాయలేదు. పాలసీ నంబరు నింపాల్సిన గడి దగ్గర 'ఎడిట్, ఖాళీ' అంటుంది. పుట్టినతేదీ దగ్గర క్యాలెండర్ తెరుచుకుంటుంది. మౌస్‌తో నొక్కాల్సిందే, తేదీ టైపు చేసే వీల్లేదు. అదీ దాటితే వంకర అక్షరాల క్యాప్చా, దాన్ని చదివి వినిపించే ఏర్పాటు ఉండదు. ఇక చేసేదేముంది? ఇంట్లోవాళ్లనో పక్కింటి అబ్బాయినో పిలిచి ఫోన్ చేతిలో పెట్టాలి. పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఓటీపీ, పాలసీలో రాసిన జబ్బుల వివరాలు... అన్నీ ఇంకొకరి కళ్లబడతాయి. సంపాదించుకుంటున్న మనిషి తన డబ్బు తానే కట్టుకోవడానికి మరొకరి తీరిక కోసం ఎదురుచూడాలి.

కోట్లమంది సంగతి

2011 జనాభా లెక్కల ప్రకారం మనదేశంలో దివ్యాంగులు 2.68 కోట్లమంది. అప్పట్లో చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించేది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచింది. వెబ్‌సైట్‌తో ఒక్కొక్కరికి ఒక్కో ఇబ్బంది. వినపడనివారికి వీడియో కింద అక్షరాలు కావాలి. చేతులు వణికేవారు మౌస్‌ను గురిగా కదపలేరు, కీబోర్డుతోనే పనంతా జరగాలి. వర్ణాంధత్వం ఉన్నవారికి 'ఎర్రరంగులో ఉన్నవి సరిచేయండి' అంటే ఏవో తెలియదు. డిస్లెక్సియా ఉన్నవారికి చిన్నచిన్న వాక్యాలు, సూటి మాటలు ఉండాలి. శుక్లాలు ముదిరిన తాతయ్యకు తెల్లటి తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు ఆనవు.

వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పు మిగతావారికీ ఉపయోగమే. వీడియో కింద అక్షరాలు రద్దీ బస్సులో ప్రయాణించేవారికీ అక్కరకొస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ చూసే డెలివరీ కుర్రాడికి ముదురు అక్షరాలే దిక్కు.

చిన్న లోపాలే పెద్ద అడ్డుగోడలు

వెబ్‌సైట్లు ఎలా ఉండాలన్నదానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాలున్నాయి. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్ లీ స్థాపించిన డబ్ల్యూ3సీ సంస్థ వాటిని 1999లో మొదటిసారి ప్రకటించింది. డబ్ల్యూసీఏజీ పేరుతో పిలిచే ఈ ప్రమాణాల 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. వాటిలోని సూత్రాలు నాలుగు: తెరమీది విషయం ఏదో ఒక ఇంద్రియానికి అందాలి, దాన్ని నడపగలగాలి, అర్థంకావాలి, ఏ సాధనంతో వాడినా చెక్కుచెదరకుండా పనిచేయాలి.

ఆచరణలో ఇవి చాలా మామూలు పనులు. ప్రతి బొమ్మకీ దాని సంగతేమిటో చెప్పే చిన్న వివరణ- ఆల్ట్ టెక్స్ట్- రాయాలి. ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. మామూలు సైజు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. శీర్షికలను లావు అక్షరాలతో సరిపెట్టకుండా శీర్షికలుగానే కోడ్ చేస్తే, స్క్రీన్ రీడర్ వాడేవారు పేజీ మొత్తం వినకుండా కావాల్సిన చోటికి నేరుగా వెళ్లగలుగుతారు. పాస్‌వర్డ్, ఓటీపీ గడుల్లో 'పేస్ట్' చేయనివ్వాలి. భద్రత పేరుతో దాన్ని ఆపేస్తే ఒక్కో అంకెనూ గుర్తుపెట్టుకుని కొట్టలేనివారు అక్కడే ఆగిపోతారు. గడువు ముగిసి పేజీ మూసుకుపోయే ముందు 'ఇంకాస్త సమయం కావాలా?' అని అడగాలి.

ఇంత తేలికైన పనులే చాలాచోట్ల జరగడం లేదు. వెబ్ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పదిలక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినవి వెలిసిపోయిన రంగులు, వివరణ లేని బొమ్మలు, పేరులేని గడులే.

తెలుగు పేజీ తెలుగులో వినిపించాలి

తెలుగు సైట్లకు మరో చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని టాక్‌బ్యాక్, కంప్యూటర్లలో ఉచితంగా వాడుకోగల ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు తెలుగు చదవగలవు. అందుకు ఆ అక్షరాలు అన్ని భాషలకూ ఉమ్మడి కోడ్ అయిన యూనికోడ్‌లో ఉండాలి. మన దగ్గర కరపత్రాలూ ఫారాలూ నిబంధనల పుస్తకాలూ చాలాకాలంగా అను లాంటి పాత ఫాంట్లలో తయారవుతున్నాయి. కంటికి అది చక్కటి తెలుగే. లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లు. ఆ పీడీఎఫ్‌ను సైట్‌లో పెడితే స్క్రీన్ రీడర్ ఒక్క ముక్కా అర్థంకాని శబ్దాలు వినిపిస్తుంది. స్కాన్ చేసి పెట్టినదైతే మొత్తం ఒక బొమ్మే, చదవడానికి అక్షరమే ఉండదు.

యూనికోడ్‌లో రాసినా ఇంకొక్క పని మిగులుతుంది. 'ఈ పేజీ భాష తెలుగు' అని కోడ్‌లో చెప్పాలి. ఆ ఒక్క ముక్క చూసే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారుతుంది. అది లేకపోతే ఇంగ్లిష్ గొంతుతోనే చదవబోయి తడబడుతుంది, ఒక్కోసారి తెలుగును పూర్తిగా వదిలేసి ముందుకెళ్లిపోతుంది. రుణం షరతులు తెలుగులో ఇచ్చామని కంపెనీ అనుకుంటుంది. సంతకం పెట్టాల్సిన మనిషి చెవికి మాత్రం ఒక్క షరతూ చేరదు.

సిడ్నీ నుంచి సుప్రీంకోర్టు దాకా

ఈ పోరాటం పాతికేళ్ల నాటిది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్‌లో బొమ్మలకు వివరణలు లేవనీ ఫలితాల పట్టికలు చదవడానికి వీల్లేదనీ బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌ను ఆశ్రయించారు. సరిచేయాలంటే తలకుమించిన ఖర్చవుతుందని నిర్వాహకులు వాదించారు. కమిషన్ ఒప్పుకోలేదు. గడువులోగా సైట్‌ను పూర్తిగా మార్చనందుకు 20 వేల ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం ఇమ్మంది.

మనదేశంలో 2016 చట్టం ప్రభుత్వ కార్యాలయాలతో పాటు సేవలందించే ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. చట్టాన్ని మీరితే మొదటిసారి రూ.10 వేల వరకూ, ఆ తరవాత రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకూ జరిమానా. అయినా ప్రమాణాల దగ్గరకొచ్చేసరికి నిబంధనలు సలహాల్లాగే ఉండిపోయాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఈ లొసుగును ఎత్తిచూపింది. అందుబాటు ప్రమాణాల గురించి చెప్పే 15వ నిబంధన చట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పనిసరిగా పాటించాల్సినవాటిని విడిగా రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన దివ్యాంగుల అధ్యయన కేంద్రం.

మరుసటి ఏడాది ఏప్రిల్ 30న వచ్చిన తీర్పు కంపెనీలకు ఇంకా సూటిగా తగులుతుంది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్‌కు బ్యాంకు ఖాతా తెరవడమే సమస్యయింది. ఎదురుగా ఉన్నది బతికున్న మనిషేనని రుజువు చేసుకోవడానికి కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమంది, ఖాతాదారు గుర్తింపును ఆన్‌లైన్‌లో సరిచూసే ఈ-కేవైసీ. ఆమెకది సాధ్యం కాదు. ఆమె, మరికొందరు వేసిన పిటిషన్లపై తీర్పిస్తూ సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. 20 ఆదేశాలు ఇచ్చింది. రెప్పలు ఆర్పడానికి ప్రత్యామ్నాయం ఉండాలంది. నిపుణులతో ఎప్పటికప్పుడు ఆడిట్ చేయించాలనీ, సైట్లనూ యాప్‌లనూ విడుదలకు ముందు పరీక్షించేవారిలో చూపులేనివారూ ఉండాలనీ చెప్పింది.

కంపెనీలు ఏం చేయాలి?

'ఒక్క లైను కోడ్ పెట్టుకోండి, మీ సైట్ అందరికీ అందుబాటులోకి వచ్చేస్తుంది' అంటూ అమ్మే ఓవర్‌లే విడ్జెట్ల జోలికి పోకూడదు. కుంగిన గోడకు రంగు వేసినట్టే ఉంటుంది ఆ మరమ్మతు. అలాంటి ప్రచారమే చేసిన యాక్సెసిబీ కంపెనీని పదిలక్షల డాలర్లు కట్టమని 2025లో అమెరికా వాణిజ్య కమిషన్ ఆదేశించింది.

పని డిజైన్ దశలోనే మొదలవ్వాలి. కట్టేశాక పగలగొట్టి సరిచేయాలంటే ఖర్చూ ఎక్కువే, విసుగూ ఎక్కువే. బయటి ఏజెన్సీకి పని అప్పగిస్తుంటే డబ్ల్యూసీఏజీ పాటించాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి. తప్పులు పట్టే టూల్స్ అవసరమే. కానీ బొమ్మకు వివరణ ఉందో లేదో చెప్పగలవే తప్ప, అందులో రాసింది అర్థవంతంగా ఉందో లేదో అవి తేల్చలేవు. అందుకు మనుషులే కావాలి. పరీక్షించే దివ్యాంగులకు ఆ పనికి తగ్గ జీతమూ ఇవ్వాలి. ఏదైనా ఆగిపోతే ఫిర్యాదు చేసే చోటు సైట్‌లో కనిపించాలి, అక్కడ జవాబిచ్చేవారు ఉండాలి.

ఈ నైపుణ్యం మనకు కొత్తేమీ కాదు. అమెరికా, యూరప్ క్లయింట్లు అడిగితే ఇవే ప్రమాణాలతో సైట్లు కట్టే ఇంజినీర్లు హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఉన్నారు. 2025 జూన్ 28 నుంచి యూరప్‌లో కొత్త అందుబాటు చట్టం అమల్లోకి రావడంతో అక్కడివారు మరింత గట్టిగా అడుగుతున్నారు. మన బ్యాంకులూ ఆసుపత్రులూ బస్సు టికెట్లు అమ్మే సంస్థలూ అంతే గట్టిగా అడగాలి.

ప్రతి కంపెనీ ఈ వారమే చేయగల పరీక్ష ఒకటుంది. మీ సైట్‌లో ఒక కొనుగోలు మొదలుపెట్టండి. మౌస్ పక్కన పెట్టి, తెర ఆపేసి, స్క్రీన్ రీడర్ చెబుతున్నది వింటూ కీబోర్డుతోనే డబ్బు కట్టేదాకా వెళ్లండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడి నుంచే మరమ్మతు మొదలుపెట్టండి. ఎవరి సాయమూ లేకుండా చివరిదాకా వెళ్లగలిగే వరకూ ఆ సైట్ పూర్తయినట్టు లెక్కవేయకండి.