గిటారు కొనేముందు మీ వేళ్ళ సంగతి ఆలోచించండి

"గిటారు కొని నెలరోజులైంది డాక్టరుగారూ. ఎడమచేతి వేళ్ళ చివర్లు కందిపోయాయి. తీగ నొక్కితే ప్రాణం లేచిపోతోంది. ఏదైనా పూతమందు చెప్పండి."

ఇలా అడిగేవాళ్ళందరూ కాలేజీ కుర్రాళ్ళే అనుకుంటే పొరపాటు. రిటైరైన ఉద్యోగులున్నారు. పిల్లలు పై చదువులకు వెళ్ళిపోయాక ఇంట్లో తోచక మొదలుపెట్టిన తల్లులున్నారు. వీళ్ళెవరూ కచేరీలు చెయ్యబోవటం లేదు. సాయంత్రం పూట నాలుగు పాత సినిమా పాటలు వాయించుకోగలిగితే చాలు వాళ్ళకి. అయితే వీళ్ళలో చాలామంది రెండు మూడు నెలలు తిరక్కుండానే గిటారును బీరువా పైకి ఎక్కించేస్తారు. "నా వేళ్ళు ఇందుకు పనికిరావు, వయసు మించిపోయింది" అని తమమీద తామే తీర్పు చెప్పేసుకుంటారు.

పూతమందు సంగతికి ముందు నేను వేసే ప్రశ్న ఒకటుంది. ఆ గిటారును ఎలా ఎంచుకున్నారు? రంగు బాగుందనో, ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందనో జవాబు వస్తుంది. తీగ ఎంత ఎత్తులో ఉందో చూశారా అంటే తెల్లమొహం వేస్తారు. నిజానికి వేళ్ళ నొప్పిలో అధికభాగం అక్కడే ఉంది.

వీణకున్నట్టే గిటారుకూ మెట్లుంటాయి. తీగను మెట్టు మీదికి నొక్కితేనే స్వరం పలుకుతుంది. తీగ మెట్టుకు ఎంత ఎత్తున ఉంటే అంత బలంగా నొక్కాలి. ఆ బలమంతా వేలి చివర ఉన్న కాస్త చర్మం మీదా, ముంజేతిలో ఉన్న కండరాల మీదా పడుతుంది. చౌక గిటార్లలో చాలావాటికి ఈ ఎత్తును సరిచెయ్యకుండానే కొట్టుకు పంపేస్తారు. సరిచెయ్యటానికి మనిషి కూర్చుని పనిచెయ్యాలి, దానికి కూలి అవుతుంది. అంచేత ఆ మిగులు తయారుదారుడికి, నొప్పి మీకు.

కొట్లో ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు. బ్యాంకువాళ్ళిచ్చే ఏటీఎం కార్డు మందం ముప్పాతిక మిల్లీమీటరు. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు ఒకదానిమీద ఒకటి పేర్చి, పన్నెండో మెట్టు మీద, అన్నిటికంటే లావు తీగ కింద దూర్చండి. స్టీలు తీగల గిటారైతే మూడు కార్డులతో ఆ సందు నిండాలి. నాలుగో కార్డు కూడా సులువుగా దూరిందంటే ఆ గిటారు మీ వేళ్ళకు శత్రువే. నైలాను తీగల గిటారుకు నాలుగైదు కార్డుల ఎత్తు మామూలే.

రెండో పరీక్ష ఇంకా తేలిక. ఒక్కొక్క తీగనూ మూడో మెట్టు దగ్గర నొక్కిపెట్టి మొదటి మెట్టువైపు చూడండి. అక్కడ కాగితం మందమంత సందు కనిపిస్తే చాలు. అంతకంటే ఎక్కువగా ఉంటే, కొత్తవాళ్ళను ఏడిపించే 'ఎఫ్' కార్డు పట్టడం ఎంతటివాడికైనా కష్టమే. పాపం, చాలామంది తమ చూపుడువేలుకు బలం లేదనుకుని ఇక్కడే ఓడిపోతారు.

ఎత్తు ఎక్కువుంటే గిటారును తోసిపుచ్చనక్కరలేదు. మరమ్మతు తెలిసినవాడు కింద తీగలు ఆనే ఎముక పట్టీని అరగదీసి, పైన గాళ్ళను లోతు చేస్తే దిగుతుంది. పన్నెండో మెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గాలంటే పట్టీని రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. ఆ పట్టీ చెక్కకు పైన అంత మిగిలి ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

ఇక తీగలు. స్టీలు తీగల్లో పన్నెండో నంబరు సెట్టు ఆరు తీగలూ కలిపి గిటారును సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. పదో నంబరు సెట్టు అంతకంటే బాగా తక్కువ. నైలాను తీగలైతే 40 కిలోలకు అటూఇటూ. మెత్తని చేతులవాళ్ళకు, యాభై దాటినవాళ్ళకు నేను నైలానే చెబుతాను. అయితే దాని మెడ వెడల్పు, పైన సుమారు 52 మిల్లీమీటర్లు. స్టీలుదానికి 43 ఉంటుంది. వేళ్ళు మరీ పొట్టివైతే నైలాను గిటారు కొనేముందు పట్టుకుని చూడాలి. నైలాను గిటారుకు స్టీలు తీగలు మాత్రం ఎన్నడూ బిగించకండి. ఆ లాగుడుకు తీగలు కట్టే చెక్క ఊడి రావచ్చు.

తీగల బిగువు తగ్గించటానికి డబ్బు ఖర్చులేని ఉపాయం ఒకటుంది. శ్రుతిని రెండు స్వరస్థానాలు దించి, రెండో మెట్టు మీద 'కాపో' అనే బిగింపు పెట్టుకోండి. బిగువు ఐదోవంతు తగ్గుతుంది, పాట మాత్రం పాత శ్రుతిలోనే పలుకుతుంది.

ఇది పిరికివాళ్ళ ఉపాయం అనుకునేవాళ్ళకు టోనీ అయోమీ సంగతి చెప్పాలి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1965లో, ఫ్యాక్టరీలో పనికి చివరిరోజున, పదిహేడేళ్ళ ఈ కుర్రవాడి కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు మెషీనులో తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. అప్పట్లో సన్నని గిటారు తీగలు కొట్లో దొరక్క బాంజో తీగలు వేసుకున్నాడు. తర్వాత శ్రుతి కూడా దించాడు. బ్లాక్ సబ్బాత్ బృందంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. అతను వాయించింది ఎలక్ట్రిక్ గిటారు. అయినా సూత్రం అదే. వాయిద్యాన్ని వేళ్ళకు తగ్గట్టు దించుకున్నాడు.

ఎత్తు తర్వాత చూడవలసింది పెట్టె పరిమాణం. మన కొట్లలో ఎక్కువగా కనిపించే పెద్ద గిటారును డ్రెడ్‌నాట్ అంటారు. యుద్ధనౌక పేరు పెట్టిన వాయిద్యం అది, 1916లో వచ్చింది. కింది భాగం 40 సెంటీమీటర్ల వెడల్పు, లోతు 12 సెంటీమీటర్ల పైమాటే. పొట్టివాళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే కుడిభుజం చెవిదాకా లేస్తుంది, పెట్టె అంచు ముంజేతిని ఒత్తుతుంది. అరగంటకల్లా మెడ పట్టేస్తుంది. కొట్లో కుర్చీలో కూర్చుని పదినిమిషాలు పట్టుకోండి. భుజం మామూలుగా ఉండాలి. మొగమాటపడకండి, చెప్పులు కొనేటప్పుడు నడిచి చూడమా? ఆడవాళ్ళకు, పన్నెండేళ్ళలోపు పిల్లలకు చిన్న పెట్టె ఉన్నదే హాయి. కొన్నాక భుజానికి పట్టీ కట్టుకోండి, కూర్చుని వాయించినా సరే. తీగలు కనపడాలని గిటారును వెల్లకిలా వంచి మెడ వంచి చూసే అలవాటు మానండి.

డబ్బు విషయానికొస్తే, ఇవాళ మూడు నాలుగు వేలకే గిటారు వస్తోంది. పేరున్న కంపెనీల మామూలు రకాలు పదివేలకు అటూఇటూ ఉన్నాయి. మొదటి రకం కొన్నా తప్పులేదు, మెడ వంకర లేకుండా ఉండి, ఎత్తు సరిచేయించటానికి కొంత సొమ్ము విడిగా ఉంచుకుంటే. పై పలక ఒకే చెక్కదైతే నాదం బాగుంటుంది, ధరా పెరుగుతుంది. సరదాకి వాయించుకునేవాళ్ళకు పొరలు అతికించిన చెక్క చాలని నా అభిప్రాయం. కోస్తా ఉక్కకు ఒంటి చెక్క ఉబ్బుతుంది, దానితోపాటు తీగల ఎత్తూ పెరుగుతుంది. రాయలసీమ, తెలంగాణ ఎండల్లో ఇంకో చిక్కుంది. మెట్లు తాపిన చెక్క ఎండి కుంచించుకుపోయి, ఇత్తడి ముక్కల్లా మెట్ల కొనలు బయటికి పొడుచుకువస్తాయి, చేతిని గీరుతాయి. కొనేటప్పుడు మెడ అంచు వెంబడి అరచేతితో నిమిరి చూడండి. రోహిణీకార్తె ఎండలో కారులో గిటారు వదిలేస్తే జిగురు వీడిపోతుంది, జాగ్రత్త.

ఇంత చూసి కొన్నా మొదటి నెల కొంత నొప్పి తప్పదు. రోజుకు రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు వాయించండి. ఆదివారం నాలుగు గంటలు ఏకబిగిన కూర్చోవటం కంటే ఇది మేలు. మూడు నాలుగు వారాల్లో చర్మం గట్టిపడి కాయ కాస్తుంది. వీణ వాయించేవాళ్ళ వేళ్ళు చూడండి, తీగ ఆనేచోట గాడి పడి ఉంటుంది. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే వాయించవద్దు, చర్మం నానిపోయి ఉంటుంది. స్పిరిటులో ముంచటం, జిగురు పూయటం లాంటి చిట్కాలు వద్దు. బొబ్బ లేస్తే చితపకుండా మూడు రోజులు విశ్రాంతి ఇవ్వండి.

చర్మం మంట ఒకటి, లోపలి నొప్పి వేరొకటి. బొటనవేలి మొదట్లో, మణికట్టులో నొప్పి నిలిచిపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కి రాత్రి నిద్రలో మెలకువ వస్తున్నా, ఉదయాన్నే వేలు ముడుచుకుని తెరవబోతే టక్కుమన్నా వాయించటం ఆపి డాక్టరుకు చూపించండి. పగలంతా కంప్యూటరు ముందు టైపు చేసేవాళ్ళ మణికట్టు ముందే అలసి ఉంటుందని గుర్తుంచుకోండి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళు వాపు ఉన్న రోజుల్లో గిటారు ముట్టకూడదు.

గిల్టు నగలు పెట్టుకుంటే దురద పెట్టేవాళ్ళు కొందరుంటారు. అది నికెలు పడకపోవటం. గిటారు మెట్లను సాధారణంగా రాగి, నికెలు, తుత్తునాగం కలిసిన లోహంతో చేస్తారు. మీ వేళ్ళకు దద్దురు వస్తే కారణం ఇదేమో చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు మెట్లున్న గిటార్లూ ఉన్నాయి గాని, ధర ఎక్కువ.

తీగలు మార్చేటప్పుడు ముఖం దగ్గరగా పెట్టకండి. తెగిన స్టీలు తీగ కంట్లో కొడితే చూపుకే మోసం. బిరడాల దగ్గర మిగిలిన కొసలు వెంటనే కత్తిరించండి, ఇంట్లో పసిపిల్లలుంటే మరీను.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు గిటారు వాయించకూడదని నేననను. వాళ్ళకు వేలి స్పర్శ తగ్గి ఉండవచ్చు, పుండు తెలియకుండానే పెరగవచ్చు. కాబట్టి నైలాను తీగలు, వాయించిన ప్రతిసారీ వేళ్ళను వెలుతురులో చూసుకోవటం తప్పనిసరి. ఇంట్లో రక్తపరీక్షకు సూది గుచ్చుకునేది తీగలు నొక్కని చేతికి, అదీ వేలి పక్కన. కాయ కాచిన చోట గుచ్చితే రక్తం సరిగా రాదు, గుచ్చిన చోట తీగ నొక్కితే మానదు.