కారు పూత: మెరుపెంత, రక్షణెంత?

హనుమకొండలో కొత్త కారు కొన్నవాళ్ళు మొదట భద్రకాళి గుడికి తీసుకెళ్ళి పూజ చేయిస్తారు. నిమ్మకాయలు తొక్కించి, దండ వేసి, అప్పుడు ఇంటికి తెచ్చుకుంటారు. అంతకంటే ముందే, షోరూంలో తాళంచెవి చేతికి రాకముందే, ఒక ప్రశ్న ఎదురవుతుంది: "పెయింట్ ప్రొటెక్షన్ చేయిద్దామా సార్?" టెఫ్లాన్ అంటారు, సిరామిక్ అంటారు, ఈమధ్య గ్రాఫీన్ కూడా అంటున్నారు. కొన్ని వేల నుంచి లక్ష దాటేదాకా ధరలు చెబుతారు. "తాతా, ఇవి నిజంగ పనిచేస్తయా?" అని పిల్లలు నన్ను అడుగుతుంటారు. పనిచేస్తాయి బిడ్డా, కానీ ఒక్కోటి ఒక్కో పనే చేస్తుంది. ఏది దేనికి పనికొస్తుందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

ముందు, కారు మీద ఇప్పటికే ఏముందో చూద్దాం. ఫ్యాక్టరీలో ఉక్కు బాడీని శుభ్రంగా కడిగి జింక్ ఫాస్ఫేట్ పూత పట్టిస్తారు. తర్వాత బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి కరెంటు పంపుతారు. విద్యుదావేశం ఉన్న రంగు కణాలు వెళ్ళి సందుగొందుల్లో కూడా సమానంగా అతుక్కుంటాయి. దీన్ని ఈ-కోట్ అంటారు. 1960 దశకంలో అమెరికాలోని ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూవర్ బృందం దీన్ని వాడుకలోకి తెచ్చింది. తుప్పును ఆపే అసలు పొర ఇదే. దానిమీద ప్రైమర్, దానిమీద మన కంటికి కనిపించే రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. వీటిని ఓవెన్లలో వేడిచేసి గట్టిపరుస్తారు. అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40 మైక్రాన్లు, అటూ ఇటుగా.

ఈ క్లియర్ కోట్ మామూలుది కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలను అందులోనే కలిపి ఉంచుతారు. అంటే షోరూం నుంచి బయటికి వచ్చే కారు ఒంటిమీద బట్టలేని కారు కాదు. "పూత వేయించకపోతే రంగు వెలిసిపోతుంది, తుప్పు పడుతుంది" అని ఎవరైనా భయపెడితే ఈ సంగతి గుర్తుంచుకోండి. పైగా మనది దక్కన్ పీఠభూమి. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నట్టు ఉప్పుగాలి ఇక్కడ లేదు. మన దగ్గర తుప్పు చాలావరకు రాయి తగిలి పెచ్చు లేచిపోయి, ఉక్కు బయటపడిన చోట మొదలవుతుంది. ఆ చోట వెంటనే టచప్ రంగు పెట్టిస్తే సరిపోతుంది.

ఇక పూతల్లో అన్నిటికంటే పాతది మైనం, అంటే వ్యాక్స్. వీటిలో పేరున్నది కార్నౌబా. బ్రెజిల్‌లో పెరిగే ఒక జాతి తాటిచెట్టు తన ఆకుల్లోని తేమ ఆవిరైపోకుండా వాటి మీద ఈ మైనాన్ని పూసుకుంటుంది. ఎండిన ఆకులను దులిపి దీన్ని తీస్తారు. దాదాపు 82 నుంచి 86 డిగ్రీల వేడికి కరుగుతుంది, ప్రకృతిలో దొరికే మైనాల్లో ఇది చాలా గట్టిది. కారు మీద రాస్తే నీళ్ళు గుండ్రటి బొట్లుగా జారిపోతాయి, మెరుపు వస్తుంది. కానీ మన మే నెల ఎండలో నల్లకారు బానెట్ చేయి పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడికి, షాంపూ కడుగుళ్ళకు మైనం కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో పోతుంది. మళ్ళీ రాసుకోవాలి. డబ్బా ఖరీదు కొన్ని వందలే, ఆదివారం పొద్దున కూర్చుంటే ఇంట్లోనే అయిపోతుంది.

టెఫ్లాన్ సంగతి వేరు. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ చేతికి అనుకోకుండా దొరికిన పదార్థం అది. దానికి ఏదీ అంటదు, అదీ దేనికీ తేలిగ్గా అంటదు. దోసె పెనం మీద దాన్ని నిలబెట్టాలంటే లోహాన్ని గరుకు చేసి, 327 డిగ్రీల దాని కరుగు స్థానాన్ని మించి వేడిచేయాలి. కారుకు ఆ వేడి తగిలిస్తే రంగే మాడిపోతుంది. కాబట్టి సీసాలో కాస్త టెఫ్లాన్ పొడి కలిపి గుడ్డతో రుద్దితే అది పెనం మీది టెఫ్లాన్‌లాగా నిలవదు. "టెఫ్లాన్ కోటింగ్" చేయించాక కనిపించే మెరుపు చాలావరకు ఆ సీసాలోని మిగతా మైనాలది, సిలికోన్లది. అందుకు వేలు పోయాల్సిన పనిలేదు.

ఇప్పుడు అందరి నోటా వినిపించే సిరామిక్ కోటింగ్. ఇందులో సిలికాన్ సమ్మేళనాలు ద్రవరూపంలో ఉంటాయి. పూశాక గాలిలోని తేమతో చర్య జరిపి సిలికాన్-ఆక్సిజన్ గొలుసులుగా అల్లుకుని, పలచని గాజులాంటి పొరగా గట్టిపడతాయి. కొద్ది రోజులు కారును తడవనీయొద్దని చెప్పేది అందుకే. ఇలా ద్రవం నుంచి గాజు పొర తయారుచేసే పద్ధతుల్లో సోల్-జెల్ అనేది ఒకటి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో సోల్-జెల్ పూతల కోసమే ఒక ప్రత్యేక కేంద్రం ఉంది. కాబట్టి ఇది గారడీ కాదు, దీని వెనక అసలైన రసాయన శాస్త్రం ఉంది. మైనంలా కరిగిపోదు, సరిగ్గా వేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దుమ్ము, పురుగుల మరకలు, రోడ్డు తారు గట్టిగా పట్టుకోవు, కడగడం తేలికవుతుంది. దీని అసలు లాభం ఇదే, ఇది నిజమైన లాభమే.

చిక్కంతా అంతకు మించి చెప్పే మాటలతోనే. మొదటిది "9హెచ్ గట్టిదనం". ఇది పెన్సిల్ పరీక్షలోని అంకె. గట్టి ములుకున్న పెన్సిలును 45 డిగ్రీల కోణంలో, 750 గ్రాముల బరువుతో పూత మీద తోస్తారు. 9హెచ్ పెన్సిల్ కూడా గీత పెట్టలేకపోతే ఆ పూతకు 9హెచ్ అని పేరు. చాలామంది దీన్ని మోస్ స్కేలు అనుకుంటారు. అది వేరే. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా పేర్చాడు. అందులో వజ్రం పది, క్వార్ట్జ్ ఏడు. పెన్సిల్ ములుకు గ్రాఫైటూ బంకమట్టీ కలిపి చేసింది కాబట్టి ఎంత గట్టి పెన్సిలైనా క్వార్ట్జ్ దరిదాపులకు రాదు.

ఇది మన ఊరికి ఎందుకు ముఖ్యమో చెబుతాను. పద్మాక్షి గుట్ట నుంచి ఏ దిక్కు చూసినా గ్రానైటే. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ బండల లారీలు తిరుగుతూనే ఉంటాయి. గ్రానైట్ అనిపించుకోవాలంటే ఆ రాయిలో క్వార్ట్జ్ కనీసం ఐదో వంతన్నా ఉండాలి. మన వీధి దుమ్ములో ఉండే ఆ నలిగిన రేణువులు ఏ పెన్సిలు కన్నా, ఏ పూత కన్నా గట్టివి. పైగా పూత మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె బూజు పట్టకుండా కాపాడుతుంది కానీ, జాడీ చేయిజారి పడితే పగలకుండా ఆపలేదు కదా! సిరామిక్ పూతా అంతే. మురికిని, రసాయనాలను దూరంగా ఉంచుతుంది, రాపిడిని ఆపలేదు.

రెండో మాట "ఎండ నుంచి రక్షణ". ఏ పొరైనా కిరణాలను పీల్చుకోవాలంటే దానికి తగినంత మందం ఉండాలి. 40 మైక్రాన్ల క్లియర్ కోట్ చేసే పనిని ఒక మైక్రాను పొర చేయలేదు. పైగా శుద్ధమైన సిలికా గాజు అతినీలలోహిత కిరణాలను హాయిగా దాటనిస్తుంది. నీళ్ళను శుద్ధిచేసే యూవీ దీపాల గొట్టాలను క్వార్ట్జ్ గాజుతో చేసేది అందుకే. ఎండకు మంచి మందు చెట్టునీడ, లేదంటే షెడ్డు. గ్రాఫీన్ పేరుతో వచ్చేవాటిలోనూ చాలావరకు అడుగున ఉన్నది ఇదే సిలికా రసాయనం.

చెట్టునీడ అన్నాను కాబట్టి పిట్టల రెట్ట గురించీ చెప్పాలి. రెట్టలో యూరిక్ ఆమ్లంతో పాటు జీర్ణ ఎంజైములు కూడా ఉంటాయి. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడిన వేళ అవి దాన్ని కొరుకుతాయి, రెట్ట ఎండి బిగిసేకొద్దీ మచ్చ లోపలికి దిగుతుంది. పూత ఉంటే కాస్త వ్యవధి దొరుకుతుంది, అంతకంటే ఎక్కువ లేదు. పూత ఉన్నా లేకున్నా, అదేరోజు తడిగుడ్డ కాసేపు దానిమీద వేసి నాననిచ్చి, రుద్దకుండా ఎత్తేయాలి. బోరు నీళ్ళూ అలాంటివే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు బొట్టు ఆరిన చోట తెల్లటి వలయాలు మిగులుస్తాయి. సిరామిక్ పూత మీద నీళ్ళు బొట్లుగా నిలుస్తాయి కాబట్టి, ఎండలో కడిగి వదిలేస్తే ఈ మచ్చలు ఇంకా స్పష్టంగా పడతాయి.

రాళ్ళ దెబ్బను నిజంగా ఆపేది ఒక్కటే, పీపీఎఫ్ అనే ఫిల్మ్. వియత్నాం యుద్ధ కాలంలో హెలికాప్టర్ రెక్కలకు ఇసుక దెబ్బ తగలకుండా వాడిన ఫిల్ముల నుంచి ఇది వచ్చింది. పాలియురేథేన్‌తో చేసిన ఈ పొర మందం 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే కారు రంగు పొరలన్నిటికన్నా మందం. రాయి తగిలితే సాగి ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. కొన్ని రకాల్లో సన్నని గీతలు ఎండ వేడికి వాటంతటవే పూడుకుపోతాయి. ఖరీదు ఎక్కువే. రోజూ హైదరాబాద్ హైవే మీద తిరిగేవాళ్ళు బంపరుకు, బానెట్ ముందుభాగానికి, అద్దాల వెనక డొప్పలకు మాత్రం వేయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

మెరుపునూ రక్షణనూ ఒకటిగా చూడకూడదు. క్రీ.శ. 1163లో రుద్రదేవుడు కట్టించిన మన వేయిస్తంభాల గుడికి వెళ్ళి ఆ నల్లరాతి స్తంభాలను చూడండి. ఏ పూతా లేకుండానే నిగనిగలాడుతున్నాయి. నునుపైన తలం వెలుతురును ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది, గరుకు తలం చెల్లాచెదురు చేస్తుంది. మెరుపు అంటే అంతే. రాతికి నునుపు తేవాలంటే అరగదీయాలి, కారు పాలిషూ చేసేది అదే. ప్రతి పాలిషుకూ క్లియర్ కోట్ కొంత అరిగిపోతుంది. అది మళ్ళీ పెరగదు. కాబట్టి ఏటా పాలిష్ కొట్టించడం రక్షణ అనుకోవద్దు.

ఒకరోజు రాత్రి మీ కారు బానెట్ మీద ఫోను టార్చి వేసి చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నని వలయాలు కనబడతాయి. గీతలు అన్ని దిక్కులా ఉన్నా, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మన కంటికి మెరుస్తాయి, అందుకే గుండ్రంగా అనిపిస్తాయి. వాటిని పెట్టింది ఎండా కాదు, వానా కాదు. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము తుడిచే అలవాటు. కిరోసిన్ అద్దిన గుడ్డతో తుడిస్తే కాసేపు మెరుస్తుంది, కానీ ఆ జిడ్డు మరింత దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, పరీక్ష చేసి చూడండి. బానెట్ మధ్యలో టేపు వేసి, ఒక సగానికి పూత పూసి, రెండో సగం వదిలేయండి. రెండిటినీ ఒకే రకంగా కడుగుతూ ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గమనించండి. ఏ వైపు కడగడం తేలికైందో, ఏ వైపు గీతలు తగ్గాయో మీ కళ్ళే చెబుతాయి. డబ్బు కట్టేముందు వారంటీ కాగితం కూడా మొత్తం చదవండి. రాళ్ళ దెబ్బలు, గీతలు, ఆలస్యంగా తుడిచిన రెట్ట మరకలు చాలా వారంటీల్లోకి రావు.

నేను చెప్పేది ఇదీ. కడిగే శ్రమ తగ్గాలంటే సిరామిక్ వేయించుకోండి, హైవే రాళ్ళ భయం ఉంటే ముందుభాగానికి ఫిల్మ్ వేయించుకోండి, టెఫ్లాన్ పేరుతో వేలు కట్టకండి. వీటన్నిటికంటే ముందు రెండు బకెట్లు, కారు షాంపూ, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొనండి. నీడలో నిలిపి, ముందు నీళ్ళతో దుమ్ము కొట్టుకుపోయేలా తడిపి, అప్పుడు షాంపూతో కడిగి, ఆరకముందే తుడవండి. పొడిగుడ్డను మాత్రం ఈరోజే మానేయండి.